అడవి బంగళాకు ఏసీ వద్దు, గూడేనికి ఫ్యాను కావాలి

అడవిలో గది బుక్ చేసుకోవడానికి ఫోన్ చేసేవాళ్లు పులి కనిపిస్తుందా అని తర్వాత ఎప్పుడో అడుగుతారట. ముందు అడిగేది ఏసీ ఉందా అని. దాని తర్వాత వైఫై. ఆ తర్వాత బిర్యానీ. నల్లమలలో అటవీశాఖ వాళ్ల క్యాంపు ఒకదానిలో బుకింగులు చూసే కుర్రాడు ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు. "లేదండీ అంటే సగం మంది ఫోన్ పెట్టేస్తారు మేడం. మిగతా సగం మంది వచ్చాక తిడతారు."

ఆ తిట్లు ఊరికే పోవడం లేదు. మారేడుమిల్లి దారిలో చూడండి, అరకు ఘాట్ దారిలో చూడండి, శ్రీశైలం వెళ్లే దారిలో అడవి మొదలయ్యే చోట చూడండి. 'ప్రకృతి ఒడిలో' అని బోర్డు, దాని పక్కనే ఈత కొలను, రెయిన్ డాన్స్, రాత్రి పదకొండు దాకా పాటలు. ప్రైవేటు వాళ్లు అది పెట్టారని ప్రభుత్వ క్యాంపుల మీదా ఒత్తిడి. ఒక గదికి ఏసీ పెడతారు. అది ముందు నిండుతుంది. లెక్కలు చూసిన పై అధికారి మిగతా గదులకూ పెట్టమంటాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ పోతే చివరికి మిగిలేది ఊళ్లో దొరికే హోటల్ గదే, కాకపోతే కిటికీ బయట కొన్ని చెట్లుంటాయి.

నా మాట సూటిగానే చెప్తాను. అడవిలో బస సాదాగా ఉండాలి. మంచం, దోమతెర, శుభ్రమైన బాత్రూము, వేడి భోజనం, కూర్చోవడానికి వరండా. అంతకు మించి అక్కర్లేదు. మనం వదులుకున్న ఆ ఏసీ ఖర్చు, ఆ కరెంటు, ఆ నీళ్లు పక్కనే ఉన్న చెంచు గూడేనికి పోవాలి. ఈ రెండో ముక్క లేకుండా మొదటి ముక్క ఒక్కటే చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

సాదా బస అనేది ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు కనిపెట్టింది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1864లో అటవీశాఖను మొదలుపెట్టి డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్‌ను మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వేసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు అని గీత గీశాక దాన్ని తిరిగి చూసేందుకు అధికారులు కావాలి, గుర్రం మీదో కాలినడకనో తిరిగే ఆ అధికారులకు రాత్రి తలదాచుకునే చోటు కావాలి. అలా ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున పుట్టినవే ఫారెస్టు బంగళాలు. దక్షిణాదిలో ఇప్పటికీ నిలబడి ఉన్న పాత బంగళా దేన్నయినా పరిశీలించండి. మందపాటి రాతి గోడలు. పైన మంగుళూరు పెంకు. వేడి గాలి పైకి పోయేలా ఎత్తైన కప్పు. ఎండ గోడను తాకకుండా చుట్టూ వరండా. నిప్పు రవ్వ ఎగిరితే ఇల్లంతా పోకుండా వంటిల్లు విడిగా, వెనకాల. కరెంటు అన్నదే లేని కాలంలో వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇళ్లు అవి. ఈ రోజు సిమెంటు డబ్బా కట్టి, దాని మీద రేకు వేసి, లోపల ఉడికిపోతోంది కాబట్టి ఏసీ కావాలంటున్నాం. తప్పు ఎండది కాదు, ఇల్లు కట్టినవాడిది.

అలాగని ఆ దొరల కాలాన్ని తలుచుకుని నిట్టూర్చే ఉద్దేశం నాకు లేదు. టేకు ఎంత నరకాలో లెక్కలు రాసుకున్నదీ, అడవిలో పుట్టినవాళ్లను అడవికే పరాయివాళ్లుగా చేసిన కాగితాల మీద సంతకాలు పెట్టిందీ ఇలాంటి వరండాల్లో కూర్చునే. కృష్ణకు ఇవతల, నిజాం వైపు కూడా కథ వేరుగా ఏమీ లేదు. మన్ననూరు పైన ఫరహాబాద్‌లో నిజాం కాలపు వేట బంగళా శిథిలాలు ఇంకా ఉన్నాయి. వేటాడటానికి వచ్చి పడుకున్న చోటు అది. స్వాతంత్ర్యం వచ్చాక తుపాకులు పోయాయి గానీ దర్జా పోలేదు. ఫారెస్టు గెస్ట్ హౌస్‌లో గది కావాలంటే ఎమ్మెల్యే ఉత్తరమో, తెలిసిన రేంజర్ మాటో ఉండాల్సిన రోజులు నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో డబ్బు కట్టి వెళ్లొచ్చు. ఇది నిజంగా మంచి మార్పు. అడవి బస సాదాగా ఉండాలంటే అది కొద్దిమందికే ఉండాలని కాదు. అసలు సాదాగా ఉంటేనే అద్దె మామూలు మనిషికి అందుబాటులో ఉంటుంది.

అంతకన్నా పాత బస ఇంకొకటుంది. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి కాలినడకన వస్తారు. ఆత్మకూరు దాటి, నాగలూటి వీరభద్రుడి గుడి మీదుగా, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం. ఈ దారిలో వాళ్ల బస చెట్టు కింద, కుంట పక్కన. తలకింద మూట. వాళ్లెవరూ ఏసీ అడగలేదు. నిజమే, ఆ వారం పది రోజుల్లో దారి పొడవునా పడే ప్లాస్టిక్ గ్లాసుల్ని ఏరడానికి అటవీశాఖకు తల ప్రాణం తోకకొస్తుంది. సాదాగా ఉన్నంత మాత్రాన అడవికి మేలు జరిగినట్టు కాదని కూడా ఆ దారి చెప్తుంది.

ఇక మేం ఉన్న క్యాంపు సంగతి. డిసెంబరు చివర. నేను, మా ఆయన, మా అత్తయ్య. క్యాంపు పేరు చెప్పను, చెప్తే వచ్చే వారానికి నిండిపోతుంది, అదీగాక అక్కడి బాత్రూముల గురించి నాలుగు మాటలు అనాల్సి ఉంది. గదులు చిన్నవి. సోలార్ దీపం ఒకటి, అది రాత్రి పదింటికల్లా నీరసపడిపోతుంది. ఫోన్ సిగ్నల్ లేదు. టీవీ లేదు. ముందు వరండా మాత్రం గదికి రెట్టింపు ఉంది, అందులో నవారు కుర్చీలు.

సాయంత్రం చీకటి పడుతుంటే మనకి కలిగే మొదటి భావం ఆనందం కాదు, కంగారు. చేతులు ఫోన్ వైపు పోతాయి. చేయడానికి ఏమీ లేదు. పక్క గదిలోని కుటుంబం కాసేపు అంత్యాక్షరి ఆడి, విసుగొచ్చి ఆపేసింది. అదిగో, ఆ విసుగు దాటే దాకా ఓపిక పట్టాలి. మనిషి కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఈ లోగా ఒక్కసారి ఫోన్ వెలిగించి చూసుకున్నా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మనలో చాలామంది ఏళ్ల తరబడి పూర్తిగా అలవాటు పడిన కళ్లతో రాత్రిని చూసి ఉండం. వరండా దీపం ఆర్పి కూర్చుంటే ముందు ఆకాశానికీ చెట్ల కొసలకీ మధ్య గీత తెలిసింది. తర్వాత ఎదుట ఉన్న ఖాళీ జాగాలో ఎండుగడ్డి పాలిపోయిన రంగులో తేలింది. ఇంకాసేపటికి ఆ గడ్డిలో నిలబడి ఉన్న దుప్పులు. అవి అప్పుడే రాలేదు. ముందునుంచీ అక్కడే ఉన్నాయి.

చెవి ఇంకొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఏసీ ఉన్న గదిలో ఇది జరగదు, ఎందుకంటే ఏసీ గది పని చేయాలంటే తలుపులు కిటికీలు మూసుండాలి. అడవికి వచ్చి అడవి వినపడకుండా గది బిగించుకోవడానికి అదనంగా డబ్బు కడుతున్నామన్నమాట. పైగా ఆ మోత మనకొక్కరికే కాదు. బయట పెట్టిన కంప్రెసర్ మన పక్క గదికీ, ఆ గది వెనక చెట్టుకీ, ఆ చెట్టు మీది గుడ్లగూబకీ కలిపి వినిపిస్తుంది. గుడ్లగూబ వేటాడేది చాలావరకు చెవితోనే.

రాత్రి కాపలా ఉన్న వాచర్ చెంచు. పొడవాటి మనిషి, మాటలు తక్కువ. భోజనం అయ్యాక వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఎక్కడో దూరంగా గట్టిగా, గంట కొట్టినట్టు ఒక్క అరుపు వినపడింది. కాసేపాగి మళ్లీ.

"కణితి" అన్నాడు. సాంబార్ అనే పెద్ద జింక.

"పులిని చూసిందా అన్నా?" అని అడిగాను.

"పులో, చిరతో. దుప్పి అయితే ఆకు కదిలినా అరుస్తాదమ్మా. కొండముచ్చు సగం అబద్ధాలు చెప్తాది. కణితి ఊరికే అరవదు. కంటితో చూస్తేనే అరుస్తాది."

తర్వాత ఆ అరుపు ఏ వైపు జరుగుతోందో వేలితో చూపిస్తూ పోయాడు. వాగు దగ్గర. ఇప్పుడు వాగు దాటింది. ఇప్పుడు ఆగింది. మేం పులిని చూడలేదు. మర్నాడు సఫారీ జీపులో తిరిగినా చూడలేదు. కానీ ఆ అరగంటలో ఒక జంతువు చీకట్లో నడిచిన దారి మా ఎదుట గీసినట్టు కనపడింది. అది జీపులో దొరకదు. దీపాలు వెలిగే డైనింగ్ హాల్లో బఫే ముందు నిలబడితే అసలే దొరకదు. అతనిలాంటి ముగ్గురు నలుగురు వాచర్లు క్యాంపుకి నిజమైన ఆస్తి. బ్రోషర్లో వాళ్ల ఫొటో ఉండదు, గది ఫొటో ఉంటుంది.

ఇదంతా నేను తన్మయంగా చెప్పబోతుంటే మా అత్తయ్య అడ్డుపడింది. ఆవిడది మార్కాపురం వైపు మెట్ట పల్లెటూరు. చిన్నప్పుడు కరెంటు లేదు, పెళ్లయ్యాక చాన్నాళ్లకి వచ్చింది. "మా ఊరికి కరెంటు తెప్పించాలని మీ మామయ్య కాళ్లరిగేలా తిరిగాడు. స్తంభాలు పాతిన రోజున కొబ్బరికాయ కొట్టాం. మీరేమో డబ్బులిచ్చి మరీ కరెంటు లేని చోటికి తీసుకొచ్చారు. బాగానే ఉంది మీ సంబడం" అంది. ఆవిడకి ఆ రాత్రి సీరియల్ పోయిందన్న కోపం కూడా ఉంది, దాచను. కానీ మాటలో పస ఉంది. తర్వాత వాచర్ వైపు తిరిగి "మీ ఇంట్లో ఫ్యాను ఉందా నాయనా?" అని అడిగింది.

"లేదవ్వా. సోలార్ లైటు ఇచ్చినారు. బ్యాటరీ పోయింది."

అడవి బస గురించి మనవాళ్లు రాసే రాతల్లో ఈ సంభాషణ ఉండదు. లేమిని అనుభవంగా అమ్ముతున్నాం. కొనేవాడికి అది సోమవారం పొద్దున అయిపోతుంది. గూడెంలో ఉన్నవాడికి అయిపోదు. నల్లమలలో చెంచులు ఎప్పటినుంచో ఉన్నారు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ల పెంటల్లో (చెంచులు తమ గూడేలను అలాగే అంటారు) ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేసిన నాటికే వాళ్ల అడవి మీద వాళ్ల పట్టు జారిపోతోంది. ఇప్పుడు ప్రభుత్వం లెక్కలో వాళ్లు ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహం. శ్రీశైలంలో వాళ్ల కోసం ఒక ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, ఉంది. ఇలాంటి సమూహాల కోసం 2023 నవంబరులో మొదలైన కేంద్రం వారి పీఎం జన్‌మన్ పథకం ఇళ్లు, కరెంటు, నీళ్లు, రోడ్డు అని చాలా చెప్పింది. అయినా లోపలి పెంటల్లో ఎండాకాలం చెలమ నీళ్ల కోసం బిందె పట్టుకుని నడిచేవాళ్లు ఉన్నారు.

అందుకే నా వాదనని రెండు ముక్కలుగా విడదీయనివ్వను. "అడవిని అడవిలా ఉంచండి, కరెంటు వద్దు" అని నేనూ అంటే, పులి పేరు చెప్పి గూడేలను ఖాళీ చేయించాలనేవాళ్ల గొంతుతో నా గొంతు కలుస్తుంది. గూడెంలో ఫ్యాను తిరగాలి, పిల్లలు చదువుకోవడానికి దీపం ఉండాలి, పాము కరిస్తే ఫోన్ చేయడానికి సిగ్నల్ ఉండాలి. లోపలి పెంటలకు స్తంభాలూ తీగలూ లాగడంలో ఇబ్బంది ఉన్న మాట నిజం. అడవి అంచున పందుల కోసమని దొంగతనంగా కరెంటు తీగలు పరిచి పులుల్నీ చిరుతల్నీ, ఒక్కోసారి మనుషుల్నీ చంపుతున్న వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. అలాంటి చోట సోలారే నయం. అయితే సోలార్ ప్యానెల్ ఇచ్చి ఫొటో దిగడం ఒక పని, బ్యాటరీ పోయినప్పుడు మార్చడం ఇంకో పని. క్యాంపులో బ్యాటరీ పోతే అతిథి రివ్యూ రాస్తాడు కాబట్టి రెండో రోజే మనిషి వస్తాడు. గూడెంలో పోతే ఎవరు రాస్తారు?

నీళ్ల లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. నల్లమల వానల అడవి కాదు, ఎండుటాకుల అడవి. మార్చి వచ్చేసరికి వాగులు మడుగులుగా, మడుగులు తడి ఇసుకగా మారిపోతాయి. జంతువుల కోసం అటవీశాఖ సాసర్ పిట్లు కట్టింది. నేలలో వెడల్పుగా, లోతు తక్కువగా సిమెంటుతో చేసిన తొట్లు. వేసవిలో వాటిని ట్యాంకర్లతోనూ సోలార్ మోటార్లతోనూ నింపుతారు. ఒక ట్యాంకర్ లోపలికి వెళ్లి రావడానికి ఎంత డీజిలు, ఎంత తంటా అనేది వాచర్లను అడగండి. అదే నెలలో అడవి అంచున ఉన్న రిసార్టులో ఈత కొలను నిండుగా ఉంటుంది. ఆ నీరు ఎక్కడిది? అదే నేల కింద వేసిన బోరుది. చట్టప్రకారం తప్పేమీ లేకపోవచ్చు. కానీ బోరు లోతుకు వెళ్లేకొద్దీ దగ్గర్లోని చెలమ ముందే ఎండుతుందని బావులు తవ్వుకున్న మన ఊళ్లలో ఎవరికైనా తెలుసు.

వెలుతురు గురించి తక్కువ చెప్తాను. తెల్లటి ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు పురుగుల్ని ఎక్కువగా లాగుతుంది, పసుప్పచ్చ దీపం తక్కువగా లాగుతుంది. దీపం చుట్టూ తిరిగి తెల్లారేసరికి చచ్చిపడే ఆ పురుగులే రాత్రి పిట్టలకూ గబ్బిలాలకూ తిండి, అడవి పూలలో కొన్నింటికి పెళ్లి పెద్దలు. బల్బు మార్చడానికి అయ్యే ఖర్చు చిన్నది, గోడ మీద కాకుండా మోకాలి ఎత్తులో నేలవైపు తిప్పి పెట్టడానికి అసలు ఖర్చే లేదు. చాలా క్యాంపుల్లో ఇది చేయరు. సెక్యూరిటీ అంటారు. ఎవరి నుంచి సెక్యూరిటీ అంటే దానికి జవాబుండదు.

ఇక్కడ ఒక మాట వస్తుందని తెలుసు. జనం సౌకర్యాలు అడుగుతున్నారు, ఇవ్వకపోతే రారు, రాకపోతే అడవికి డబ్బు రాదు. దీనికి నల్లమల రోడ్డే సమాధానం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. దోర్నాల వైపు కూడా అంతే. మొదట్లో అందరూ సణిగారు. బస్సు టైములు మారాయి, భక్తులు ప్రయాణం మార్చుకున్నారు, హోటళ్లవాళ్లు కొత్త లెక్క వేసుకున్నారు. మల్లన్న దర్శనానికి వచ్చేవాళ్లు తగ్గలేదు. తొమ్మిది దాటాక ఆ తారు రోడ్డు మీద జంతువులు నడుస్తాయి. ఒక్క గట్టి నియమం పెడితే జనం సర్దుకుంటారని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు అదే రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ కట్టి రాత్రి కూడా బళ్లు తిప్పాలన్న ప్రతిపాదన నడుస్తోంది. కింద జంతువులకు దారి వదులుతామంటున్నారు. కట్టే ఏళ్లలో ఆ అడవి ఏమవుతుందన్నది నా భయం.

నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. 2012 జులైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో, అంటే నడిమి అడవిలో, టూరిజాన్ని మొత్తంగా ఆపేసింది. అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు వచ్చాక సడలించింది. వాటి ప్రకారం కోర్‌లో కొత్తగా టూరిస్టు కట్టడాలు రాకూడదు. కోర్ విస్తీర్ణంలో 20 శాతానికి మించి టూరిజానికి వాడకూడదు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రా వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వుకు మిగిలింది దాదాపు 3,296 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ వైపు అమ్రాబాద్‌కు దాదాపు 2,611. ఇంత పెద్ద అడవిలో నాలుగు గదులకు ఏసీ ఉంటే ఏమవుతుందని అడగొచ్చు. గదులు విస్తీర్ణాన్ని బట్టి పరుచుకుని ఉండవు. నీళ్లున్న చోటే, దారి ఉన్న చోటే కడతారు. జంతువులు వచ్చేదీ అక్కడికే.

అయితే సాదా అన్న పేరు చెప్పి బద్ధకాన్ని అమ్మేవాళ్లనీ వదలకూడదు. మేం ఉన్న క్యాంపులో బాత్రూము తలుపుకు గడియ లేదు. కుళాయి కారుతూనే ఉంది. మూల నాచు పట్టింది. అడిగితే "అడవి కదా మేడం" అన్నారు. గడియకూ అడవికీ ఏమిటి సంబంధం? ఆడవాళ్లు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లు అడవి బసలకు వెళ్లకపోవడానికి కారణం ఏసీ లేకపోవడం కాదు, బాత్రూమే. మా అత్తయ్య రాత్రి రెండుసార్లు లేవాలి. గదికి ఆనుకుని బాత్రూము, జారని నేల, పట్టుకోవడానికి ఒక కమ్మీ, దారిలో చిన్న దీపం. వీటిని విలాసం అనేవాడు ఎప్పుడూ ముసలివాళ్లతో ప్రయాణం చేయనివాడు. దోమతెర కూడా అంతే. మారేడుమిల్లి, చింతూరు వైపు ఏజెన్సీలో మలేరియా మాట అందరికీ తెలిసిందే. అక్కడ తెర లేని గదిని అద్దెకివ్వడం సాదాతనం కాదు, నిర్లక్ష్యం. పాము కరిస్తే దగ్గర్లో మందున్న ఆసుపత్రి ఏది, బండి ఎక్కడుంది, ఎవరు నడుపుతారు అన్నది గోడ మీద రాసి ఉండాలి. మేం చూసిన గోడ మీద ధూమపానం నిషేధం అని మాత్రం ఉంది.

మే నెలలో నల్లమల నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు వెళ్లి ఏసీ అడిగితే అడగడంలో న్యాయం ఉంది. వెళ్లకపోవడంలో ఇంకా న్యాయం ఉంది. వేసవిలో నీళ్ల దగ్గర జంతువులు సులువుగా కనిపిస్తాయని ఫొటోలవాళ్లు అప్పుడే ఎగబడతారు. తాగడానికి వచ్చిన దాహం మీద కాపు కాయడం నాకైతే నచ్చదు. ఇది నా పట్టింపు, అందరికీ ఉండాలని లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. అడవి బస మంచిదా కాదా అని తేల్చడానికి నేనిప్పుడు గది ఫొటోలు చూడటం మానేశాను. ఎవరు పని చేస్తున్నారు, ఎవరికి జీతం వస్తోంది అని అడుగుతున్నాను. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో వన సంరక్షణ సమితి వాళ్లే క్యాంపు నడిపే పద్ధతి మొదలైనప్పుడు దాని గొప్పతనం గుడారాల్లో లేదు. వంట చేసేదీ, అడవిలోకి తీసుకెళ్లేదీ, లెక్క రాసేదీ ఆ ఊరివాళ్లే కావడంలో ఉంది. నల్లమలలోనూ అటవీశాఖ కాపలా కోసం పెట్టిన బేస్ క్యాంపుల్లో ఉండేదీ, పులి అడుగులు వెతికేదీ ఎక్కువగా చెంచులే. వాళ్లలో చాలామందివి రోజు కూలీ ఉద్యోగాలు. అవి పర్మినెంటు కావు. మనం ఒక రాత్రికి కట్టే డబ్బులో వాళ్ల గూడేనికి ఎంత వెళ్తుందో రసీదు మీద రాయమని అడిగితే తప్పేమిటి? పెట్రోలు బంకులో లీటరుకి పన్ను ఎంతో అడిగే మనం ఇక్కడ అడగం.

క్యాంపు వంటింట్లో తేనె సీసా ఊళ్లో సూపర్ మార్కెట్లోది. పక్కన గూడెంలో కొండ అంచులకు తాళ్లు కట్టుకుని దిగి తేనె తీసేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. ఆ తేనె క్యాంపు బల్ల మీదికి రావడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు, ఎవరో ఒకరు ఆ పని నాది అనుకోవాలి. చెంచుల వంట తినాలని కూడా మేం అడిగాం. పనీర్ బటర్ మసాలా పెట్టారు. అతిథులు అదే అడుగుతారట.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేస్తారు, అక్టోబరు తర్వాత పెట్టుకోండి. అమ్రాబాద్‌లో 2024 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ మీద నిషేధం ఉంది, స్టీలు సీసా తీసుకెళ్లండి. టార్చి మీద ఎర్ర కాగితం చుట్టుకుంటే కంటికి అలవాటైన చీకటి చెడదు. బుక్ చేసేటప్పుడు బాత్రూముకు గడియ ఉందా అని అడగండి, ఏసీ గురించి అడక్కండి. మీరు అడగడం మానేస్తే బుకింగు కుర్రాడి రిజిస్టర్లో ఆ కాలమ్ ఖాళీగా ఉంటుంది, పై అధికారి చూసేది ఆ కాలమ్‌నే. వచ్చేశాక రివ్యూలో గది గురించి ఒక వాక్యం, వాచర్ గురించి ఐదు వాక్యాలు రాయండి. గూడెంలో పోయిన బ్యాటరీల గురించి కూడా అక్కడే రాయండి. నేను రాశాను. ఒకరు ఫోన్ చేసి, ఏ గూడెం, ఎన్ని ఇళ్లు అని వివరం అడిగారు. ఇంకా మార్చలేదు. నెలకోసారి గుర్తు చేస్తున్నాను.

ఈ చలికాలం మళ్లీ వెళ్దామంటే మా అత్తయ్య మాత్రం రానంటోంది. అక్కడ గడియ పెట్టించి, ఆ వాచర్ పిల్లాడింట్లో ఫ్యాను తిరిగాక చెప్పు, అప్పుడు ఆలోచిస్తా అంది.